బడి ఎవరిది, బిల్లు ఎవరిది?

షికాగోలో విద్యా బోర్డు తన అధిపతికి ఉద్వాసన చెప్పింది. ఆయన వెళ్లిపోయారు. గొడవకు మూలమైన బకాయి మాత్రం అక్కడే ఉండిపోయింది.

2024 డిసెంబరు 20, శుక్రవారం. క్రిస్మస్ సెలవులకు ముందు షికాగో పిల్లలకు అదే చివరి బడి రోజు. ఆ సాయంత్రం నగర విద్యా బోర్డు ప్రత్యేకంగా సమావేశమై, దాదాపు 3.25 లక్షల మంది విద్యార్థులున్న ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థకు అధిపతి అయిన పెడ్రో మార్టినెజ్‌ను తొలగించింది. ఓట్లు 6-0. వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. చిత్రమేమంటే, ఆయన చేసిన తప్పేమిటో బోర్డు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకుండా చూసుకుంది. కాంట్రాక్టు ప్రకారం తప్పు రుజువైతే తక్షణం పంపేయొచ్చు. కారణం చూపకుండా పంపాలంటే ఆరు నెలల గడువివ్వాలి. బోర్డు రెండో దారి పట్టింది. పొమ్మన్న మనిషే మరో ఆరు నెలలు అదే కుర్చీలో కూర్చుని, పొమ్మన్నవారితోనే కలిసి పనిచేయాల్సిన పరిస్థితి వచ్చింది.

అమెరికాలో పాఠశాల బోర్డులు, సూపరింటెండెంట్ల మధ్య తగువులు కొత్త కాదు. పుస్తకాలపైన, ప్రార్థనలపైన, బదిలీలపైన ఏటా ఎక్కడో ఓ చోట రచ్చ జరుగుతూనే ఉంటుంది. కానీ దేశంలోని అతిపెద్ద పాఠశాలల వ్యవస్థల్లో ఒకటైన షికాగోలో జరిగింది వేరు. అక్కడ సిద్ధాంతాల కంటే చెల్లింపుల గొడవే ఎక్కువ. పాత బాకీ ఎవరు తీర్చాలి, అందుకోసం కొత్త అప్పు చేయాలా వద్దా అన్న ప్రశ్న మూడు నెలల్లో ఒక బోర్డును మింగేసింది, ఒక అధ్యక్షుడిని వచ్చిన నెలలోపే ఇంటికి పంపింది, చివరికి కోర్టు గుమ్మం దాకా వెళ్లింది.

ఉద్యోగి ఒకరు, యజమానులు ఎందరో

మన జిల్లా విద్యాధికారితో పోల్చి చూస్తే అమెరికా సూపరింటెండెంటు పదవి అర్థం కాదు. డీఈఓ రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. కమిషనరుకు, మంత్రికి జవాబుదారీ. అమెరికాలో సూపరింటెండెంటును నియమించేది, జీతమిచ్చేది, తొలగించేది స్థానిక పాఠశాల బోర్డు. చాలాచోట్ల ఆ బోర్డు సభ్యులను ప్రజలే ఎన్నుకుంటారు. విధానం బోర్డుది, అమలు సూపరింటెండెంటుది అన్నది కాగితం మీది సూత్రం. విధానం ఎక్కడ ముగిసి అమలు ఎక్కడ మొదలవుతుందో తేల్చడమే కష్టం. తగువులన్నీ పుట్టేది ఆ సరిహద్దులోనే.

షికాగో ఈ సూత్రాన్ని మరింత తికమక చేసింది. 1995లో ఇల్లినాయ్ శాసనసభ పాఠశాలల పగ్గాలను అప్పటి మేయర్ రిచర్డ్ ఎం. డేలీ చేతిలో పెట్టింది. బోర్డు సభ్యులను మేయరే నియమిస్తారు. మన భాషలో చెప్పాలంటే అవన్నీ నామినేటెడ్ పదవులు. సూపరింటెండెంటు అనే పాత పేరు పోయి, కంపెనీల తరహాలో ముఖ్య కార్యనిర్వహణాధికారి, అంటే సీఈఓ అనే హోదా వచ్చింది. తొలి సీఈఓ పాల్ వాలస్ విద్యావేత్త కాదు, నగర బడ్జెట్ వ్యవహారాలు చూసినవాడు. ఆ తర్వాత వచ్చిన ఆర్నీ డంకన్ 2009లో బరాక్ ఒబామా ప్రభుత్వంలో విద్యామంత్రి అయ్యారు. మేయర్ చెప్పాడు, బోర్డు తలూపింది, సీఈఓ చేశాడు. పాతికేళ్లపాటు బండి ఇలాగే నడిచింది.

ఈ ఏర్పాటులో గొడవలు బయటికి పెద్దగా వినిపించకపోవచ్చు. కానీ అవి లేకపోలేదు. 2013లో మేయర్ రామ్ ఇమాన్యుయేల్ హయాంలో బోర్డు ఒకేసారి సుమారు 50 పాఠశాలలను మూసివేసింది. వాటిలో అత్యధికం నల్లజాతి ప్రజలుండే పేటల్లోవి. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చినా ఓటేసి దించడానికి అక్కడ ఎన్నికైన బోర్డే లేదు. రెండేళ్ల తర్వాత, అప్పటి సీఈఓ బార్బరా బర్డ్-బెనెట్ ముడుపుల కేసులో నేరం ఒప్పుకున్నారు. బోర్డును ప్రజలే ఎన్నుకోవాలన్న ఉద్యమానికి ఇవన్నీ ఊపిరి పోశాయి. దానికి ముందు నిలిచింది షికాగో టీచర్స్ యూనియన్. 2021లో ఆ ఉద్యమం ఫలించింది. 21 మంది సభ్యుల బోర్డును దశలవారీగా ఎన్నుకునేందుకు చట్టం వచ్చింది. 2024 నవంబరులో పదిమంది ఎన్నికవుతారు. అధ్యక్షుడితో కలిపి మరో 11 మందిని మేయర్ నియమిస్తారు. 2026 నవంబరు ఎన్నికల తర్వాత, 2027 జనవరి నుంచి మొత్తం ఎన్నికైనవారే ఉండాలి.

ఇంతలో మరో మలుపు. 2023 ఏప్రిల్‌లో జరిగిన మేయర్ ఎన్నిక తుది పోరులో ఎదురుబొదురుగా నిలిచినవారు ఇద్దరూ బడి రాజకీయాల్లో పండినవారే. ఒకరు తొలి సీఈఓ పాల్ వాలస్. మరొకరు బ్రాండన్ జాన్సన్, ఒకప్పటి ఉపాధ్యాయుడు, టీచర్స్ యూనియన్‌లో పూర్తికాలం పనిచేసిన కార్యకర్త. జాన్సన్ గెలిచారు. ఏళ్లతరబడి బల్లకు అవతలి వైపు కూర్చుని బేరమాడిన యూనియన్ మనిషి ఇప్పుడు ఇవతలి వైపుకొచ్చారు. అధికారం చేతికొచ్చిన కొన్ని వారాలకే, 2023 జూలైలో, ఏడుగురు సభ్యుల బోర్డులో ఆరుగురిని మార్చి తనవారిని వేసుకున్నారు. సీఈఓను మాత్రం కదపలేదు. ముందున్న మేయర్ లోరీ లైట్‌ఫుట్ 2021లో తెచ్చిన పెడ్రో మార్టినెజ్‌ను అలాగే కొనసాగించారు.

మార్టినెజ్‌ది ఆ ఊరి కథే. మెక్సికోలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో షికాగో వచ్చి, అక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుకున్నారు. వృత్తిరీత్యా లెక్కల మనిషి. డంకన్ హయాంలో అదే సంస్థలో ఆర్థిక వ్యవహారాలు చూశారు. తర్వాత టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో సూపరింటెండెంటుగా చేసి తిరిగొచ్చారు. ఆ లెక్కల చూపే చివరికి ఆయన పదవికి ఎసరు తెచ్చింది.

17.5 కోట్ల డాలర్ల తగువు

షికాగో పాఠశాలల్లో ఉపాధ్యాయులకు ఒక పింఛను నిధి ఉంది. ఉపాధ్యాయులు కాని సిబ్బంది, అంటే సహాయకులు, గుమాస్తాలు, పారిశుద్ధ్య కార్మికుల వంటివారు, నగరపాలక ఉద్యోగుల పింఛను నిధిలో సభ్యులు. ఆ నిధిలోని ఉద్యోగుల్లో సగానికి పైగా బడి సిబ్బందే. చట్టం ప్రకారం ఆ నిధికి చెల్లించాల్సింది మాత్రం నగర ప్రభుత్వం. దశాబ్దాలుగా నగరమే చెల్లిస్తూ వచ్చింది. బోర్డు ఎన్నికైనదిగా మారి నగరం నుంచి విడిపోబోతున్న తరుణంలో లైట్‌ఫుట్ కొత్త పద్ధతి పెట్టారు. మీ సిబ్బంది పింఛనులో వాటా మీరే ఇవ్వండని పాఠశాలలను అడగడం మొదలుపెట్టారు. ఏటేటా పెరిగిన ఆ వాటా 17.5 కోట్ల డాలర్లకు చేరింది.

2024 నాటికి పాఠశాలల దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కోవిడ్ కాలంలో కేంద్రం ఇచ్చిన సాయం ఆ ఏడాది సెప్టెంబరుతో ముగిసిపోతోంది. షికాగోకు మొత్తంగా సుమారు 280 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో అదనపు సిబ్బందిని పెట్టుకున్నారు. పిల్లల చదువు కోలుకుంది కూడా. కోవిడ్ తర్వాత చదవడంలో వేగంగా కోలుకున్న పెద్ద నగరాల్లో షికాగో ముందు వరసలో ఉందని హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం 2024లో తేల్చింది. డబ్బు ఆగినా జీతాలు ఆగవు కదా. దాదాపు 990 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 50 కోట్ల డాలర్ల లోటు తేలింది. మార్టినెజ్ ఎలాగో సర్దారు. కానీ ఆ బడ్జెట్‌లో రెండు లేవు. ఒకటి పింఛను వాటా. రెండోది, అప్పటికి బేరసారాల్లో ఉన్న ఉపాధ్యాయుల కొత్త ఒప్పందానికయ్యే ఖర్చు. 2024 జూలైలో, జాన్సన్ వేసిన బోర్డే ఆ బడ్జెట్‌ను ఆమోదించింది.

మేయర్ వర్గం చెప్పిన పరిష్కారం, 30 కోట్ల డాలర్ల స్వల్పకాలిక రుణం. దానితో పింఛను వాటా కట్టేయొచ్చు, ఉపాధ్యాయుల ఒప్పందంలో తొలి ఏడాది ఖర్చూ గట్టెక్కుతుంది. తర్వాతి సంగతి రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాబట్టాల్సిన నిధులతో చూసుకోవచ్చు. మార్టినెజ్ ససేమిరా అన్నారు. ఆయన భయానికి కారణముంది. షికాగో పాఠశాలల దీర్ఘకాలిక రుణం 900 కోట్ల డాలర్లకు పైమాటే. రుణ అర్హతను అంచనా వేసే సంస్థల దృష్టిలో వాటి బాండ్లలో చాలా భాగం 'చెత్త' కోవలోనివే. 2016 ఫిబ్రవరిలో 72.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మడానికి 8.5 శాతం ఆదాయం ఆశ చూపాల్సి వచ్చింది. 2017లోనూ పింఛను చెల్లింపు కోసమే అధిక వడ్డీకి స్వల్పకాలిక అప్పు తెచ్చారు. ఒకసారి వడ్డీ ఊబిలో దిగితే తరగతి గదికి వెళ్లాల్సిన డబ్బు బ్యాంకులకు పోతుందన్నది మార్టినెజ్ వాదన. అప్పుచేసి పప్పుకూడు తినలేమని ఆయన ఉద్దేశం.

యూనియన్ వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. షికాగో బడి పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నల్లజాతి లేదా లాటినో కుటుంబాలవారే. రాష్ట్రం తానే 2017లో రాసుకున్న నిధుల సూత్రం ప్రకారం ఈ పాఠశాలలకు అవసరమైనదాని కంటే ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా తక్కువ అందుతోంది. లైబ్రేరియన్లు, నర్సులు, సలహాదారులు లేని బడులున్నాయి. ఎప్పుడూ లోటు పేరు చెప్పి ఈ పిల్లల దగ్గరే కోత వేస్తారా అన్నది యూనియన్ అధ్యక్షురాలు స్టేసీ డేవిస్ గేట్స్, మేయర్ జాన్సన్ అడిగిన ప్రశ్న. లోటును సాకుగా చూపి మార్టినెజ్ మళ్లీ బడులు మూయించబోతున్నారన్న ఆరోపణ కూడా వచ్చింది. ఆయన కాదన్నారు. 2027 వరకు బడులేవీ మూయబోమని 2024 సెప్టెంబరులో బోర్డు చేత తీర్మానమూ చేయించారు. అనుమానం తీరలేదు. 2013 గాయం మానని ఊళ్లో అది తీరడం తేలిక కూడా కాదు.

ఏడుగురూ ఒకేసారి

2024 సెప్టెంబరులో మేయర్, మార్టినెజ్‌ను రాజీనామా చేయమని అడిగారు. ఆయన చేయనన్నారు. ఆ మాటను బహిరంగంగానే, పత్రికా వ్యాసంగా రాసి మరీ చెప్పారు. మామూలుగా షికాగోలో మేయర్ మాట కాదన్న సీఈఓ మర్నాటికల్లా మాజీ అయిపోతాడు. కానీ తొలగించే అధికారం చట్టప్రకారం మేయర్‌కు లేదు, బోర్డుకే ఉంది. మేయర్ స్వయంగా ఏరికోరి వేసుకున్న ఆ బోర్డు అందుకు గానీ, అప్పు తేవడానికి గానీ సుముఖంగా లేదన్న వార్తలు గుప్పుమన్నాయి. అక్టోబరు 4న బోర్డు అధ్యక్షుడు జియానాన్ షీతో సహా ఏడుగురూ ఒకేసారి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. నెలరోజుల్లో ఎన్నికలు పెట్టుకుని ఒక మహానగర విద్యా బోర్డు మూకుమ్మడిగా ఖాళీ అయింది.

మూడు రోజులకే జాన్సన్ కొత్త సభ్యుల పేర్లు ప్రకటించారు. నగర పాలక మండలిలో 50 మంది ఉంటే 41 మంది ఈ తొందరను తప్పుపడుతూ లేఖ రాశారు. అది చాలదన్నట్టు, కొత్త అధ్యక్షుడు మిచెల్ ఇకెన్నా జాన్సన్ గతంలో సామాజిక మాధ్యమాల్లో పెట్టిన రాతలు బయటపడ్డాయి. అవి యూదులను కించపరిచేవని గగ్గోలు లేవడంతో అక్టోబరు 31న ఆయన రాజీనామా చేశారు. ఆ కుర్చీలోకి డిసెంబరులో షాన్ హార్డెన్ వచ్చారు.

ఈ గందరగోళం మధ్యే నవంబరు 5న షికాగో చరిత్రలో తొలిసారి ప్రజలు బోర్డు సభ్యులకు ఓటేశారు. పది స్థానాల్లో యూనియన్ బలపరిచినవారు నలుగురు గెలిచారు. ప్రైవేటు యాజమాన్యంలో ప్రభుత్వ నిధులతో నడిచే చార్టర్ పాఠశాలలకు అనుకూలురైన వర్గాలు బలపరిచినవారు ముగ్గురు. మిగిలిన ముగ్గురు ఎటూ చేరని స్వతంత్రులు. తన సొంత ఉద్యమం తెచ్చిన ఎన్నికలో యూనియన్‌కు పూర్తి పట్టు చిక్కలేదు. కొత్త బోర్డు జనవరి 15న ప్రమాణం చేయాలి. ఆలోగానే, అంటే ప్రజలు ఎన్నుకున్నవారు కుర్చీల్లో కూర్చోవడానికి నాలుగు వారాల ముందు, నియమిత బోర్డు మార్టినెజ్‌ను తొలగించింది. గెలిచినవారు గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, వెళ్లిపోయేవారు ఇంటి తాళాలు మార్చినట్టయింది.

మార్టినెజ్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. డిసెంబరు 24న కుక్ కౌంటీ న్యాయమూర్తి తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు. సీఈఓగా ఆయన విధులకు బోర్డు సభ్యులు అడ్డు తగలరాదని, ఆయన అనుమతి లేకుండా ఉపాధ్యాయుల ఒప్పందం చర్చల్లో కూర్చోరాదని వాటి సారాంశం. యజమాని తన ఉద్యోగి అనుమతి తీసుకోవాలని కోర్టు చెప్పడం అరుదైన విషయమే. విధానానికీ అమలుకూ మధ్య గీత ఎక్కడుందో చివరికి న్యాయమూర్తి గీయాల్సి వచ్చింది.

పాత కక్షల ఊరు

షికాగోకు ఈ నాటకం తెలియనిది కాదు. వందేళ్లకు పైబడిన రంగం అది. అమెరికాలో ఒక మహానగర పాఠశాలలకు నాయకత్వం వహించిన తొలి మహిళ ఎల్లా ఫ్లాగ్ యంగ్ 1909లో అక్కడే సూపరింటెండెంటు అయ్యారు. ఉపాధ్యాయులకు ఆమె అంటే ప్రాణం. బోర్డులో ఒక వర్గానికి గిట్టలేదు. 1913 డిసెంబరులో ఆమెను పక్కనపెట్టి మరొకరిని ఎన్నుకున్నారు. నగరంలో మహిళలు, ఉపాధ్యాయులు భగ్గుమన్నారు. అప్పటి మేయర్ కార్టర్ హారిసన్ ఒక ఉపాయం చేశారు. సభ్యులను నియమించేటప్పుడే ముందుజాగ్రత్తగా కొందరి చేత సంతకం పెట్టించి ఉంచుకున్న రాజీనామా లేఖలను బయటికి తీసి ఆమోదించారు. యంగ్ తిరిగి పదవిలోకొచ్చారు. 2024లో బోర్డు ఖాళీ అయింది సూపరింటెండెంటును దించడానికి. 1913లో బోర్డును ఖాళీ చేసింది ఆమెను నిలబెట్టడానికి.

1927లో మరీ విడ్డూరం. ఇంగ్లండు రాజు మీద ధ్వజమెత్తుతూ ప్రచారం చేసి గెలిచిన మేయర్ విలియం హేల్ థాంప్సన్, సూపరింటెండెంటు విలియం మెక్‌ఆండ్రూ బ్రిటిష్ పక్షపాతి అని, పాఠ్యపుస్తకాల్లో దేశభక్తి లేదని ఆరోపించారు. బోర్డు ఆయన్ను సస్పెండు చేసి నెలల తరబడి విచారణ నడిపింది. 1928లో దోషిగా తేల్చింది. తర్వాత ఓ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, కానీ అప్పటికే మెక్‌ఆండ్రూ పదవీకాలం పూర్తయిపోయింది. 1963లో బెంజమిన్ విల్లిస్ వంతు. నల్లజాతి పిల్లలతో కిక్కిరిసిన బడుల నుంచి వారిని పక్కనున్న తెల్లవారి బడులకు పంపడం ఇష్టంలేక, ఆవరణలోనే తాత్కాలిక గదులు పెట్టించిన మనిషి ఆయన. కొందరు విద్యార్థుల బదిలీపై బోర్డు నిర్ణయాన్ని అమలు చేయాలని కోర్టు చెప్పడంతో రాజీనామా విసిరారు. బోర్డు దాన్ని ఆమోదించలేదు, బతిమాలి వెనక్కి తెచ్చుకుంది. దానికి నిరసనగా అక్టోబరు 22న రెండు లక్షల మందికి పైగా పిల్లలు బడి మానేశారు.

ఈ నాలుగు కథల్లోనూ నిజమైన పోరు బోర్డు గది బయటే జరిగింది. యంగ్ కాలంలో ఉపాధ్యాయుల హక్కులు, మెక్‌ఆండ్రూ కాలంలో మేయర్ ఓట్లు, విల్లిస్ కాలంలో వర్ణ వివక్ష, మార్టినెజ్ కాలంలో అప్పు. సూపరింటెండెంటు ప్రతిసారీ అడకత్తెరలో పోకచెక్క. మనిషిని మార్చడం తేలిక గనుక ముందు అదే జరుగుతుంది.

వెళ్లాక ఏమైంది?

2025 జనవరిలో కొలువుదీరిన 21 మంది బోర్డు పాత నిర్ణయాన్ని తిరగతోడలేదు. మార్టినెజ్ జూన్ దాకా కొనసాగారు. పింఛను వాటా కోసం బడ్జెట్‌ను సవరించే ప్రయత్నం మార్చిలో జరిగింది. దానికి మూడింట రెండొంతుల మద్దతు కావాలి. అంత బలం లేదని తేలడంతో ఓటింగే జరగలేదు. మరోవైపు ఉపాధ్యాయుల ఒప్పందం ఏప్రిల్‌లో కుదిరింది. నాలుగేళ్ల కాలానికి ఏటా 4 నుంచి 5 శాతం జీతాల పెంపు, మొత్తం ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. 2012లో ఏడు బడి రోజులు, 2019లో 11 బడి రోజులు సమ్మె చూసిన నగరంలో ఈసారి సమ్మె లేకుండానే సంతకాలయ్యాయి. ఒకరినొకరు కోర్టులో నిలబెట్టుకున్నవారే ఒకే బల్ల ముందు కూర్చుని ఒప్పందం ముగించారు. జూలై నుంచి మార్టినెజ్ మసాచుసెట్స్ రాష్ట్ర పాఠశాల విద్య కమిషనరుగా చేరారు. షికాగో వద్దన్న మనిషిని, విద్యలో దేశానికే తలమానికమనిపించుకున్న రాష్ట్రం పిలిచి కుర్చీ వేసింది.

ఆయన స్థానంలో తాత్కాలిక అధిపతిగా మాక్వలిన్ కింగ్ వచ్చారు. మాజీ ప్రధానోపాధ్యాయురాలు. అంతకుముందు మేయర్ కార్యాలయంలోనే విద్యా విధానం చూసినవారు. ఇక అప్పుకు అడ్డు తొలగిందనే చాలామంది అనుకున్నారు. ఎదురుగా 73.4 కోట్ల డాలర్ల లోటు ఉంది. జూలైలో వెయ్యిమందికి పైగా సిబ్బందికి తొలగింపు నోటీసులు వెళ్లాయి. ఆగస్టులో కింగ్ తన బడ్జెట్ ప్రతిపాదించారు. అందులో అప్పు లేదు. పింఛను వాటా ఉంది గానీ, షరతు మీద. పట్టణాభివృద్ధి కోసం నగరం పక్కన పెట్టే ఆస్తి పన్నులో అనుకున్నదానికి మించి మిగులు వస్తేనే ఆ సొమ్ము ఇస్తామన్నది షరతు. మేయర్ వర్గం అప్పు దారి వదలొద్దని గట్టిగా పట్టుబట్టింది. ఆగస్టు 28న సుమారు 1,025 కోట్ల డాలర్ల ఆ బడ్జెట్‌ను బోర్డు 12-7 ఓట్లతో ఆమోదించింది. బోర్డులో ఎన్నికైనవారు పదిమందే. అంటే మేయర్ నియమించినవారిలో కొందరైనా మేయర్ మాట కాదని ఓటేశారన్నమాట.

అసలు సంగతి ఇక్కడ తేటతెల్లమైంది. మార్టినెజ్ మొండితనమే సమస్య అయితే ఆయన వెళ్లగానే అది తీరిపోవాలి. తీరలేదు. మేయర్ కార్యాలయం నుంచే వచ్చిన మనిషి కూడా అదే ఖాతా పుస్తకం తెరిచి, అవే అంకెలు చూసి, దాదాపు అదే మాట చెప్పారు. మనిషి మారినంత మాత్రాన లెక్క మారలేదు. చట్టం ప్రకారం నగరం కట్టాల్సిన పింఛనును బడి చేత కట్టించాలని మేయర్లు చూస్తారు. బడికి ఇవ్వాల్సినంత రాష్ట్రం ఇవ్వదు. ఒప్పందం సంతకం చేసేవారు ఒకరు, డబ్బు వెతకాల్సినవారు మరొకరు. తిలా పాపం తలా పిడికెడు. కానీ జనానికి కనబడే ముఖం ఒక్క సూపరింటెండెంటుదే.

మనకేమిటి?

షికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ గొడవ దూరపు కొండే. వారి పాఠశాల జిల్లాలు వేరు, బోర్డులు వేరు. ఇల్లినాయ్‌లో అలాంటి జిల్లాలు 850కి పైగా ఉన్నాయి. కానీ ఇల్లు కొనేటప్పుడు ముందుగా అడిగేది ఏ స్కూల్ డిస్ట్రిక్టు అనే. ఆస్తి పన్ను బిల్లు వచ్చినప్పుడు అందులో సింహభాగం బడికే వెళ్తుందని వారికి తెలుసు. ఎవరు డబ్బు కడుతున్నారో, ఎవరు ఖర్చు పెడుతున్నారో ఒకే కాగితం మీద కనబడుతుంది. చిన్న శివారుకు ఉన్న ఆ సౌలభ్యం షికాగో మహానగరానికి లేకుండా పోయింది.

మన దగ్గరైతే కథ తలకిందులు. స్థానిక కమిటీకీ అధికారికీ మధ్య ఇంత పెద్ద తగువు రాదు, ఎందుకంటే తగువుపడేందుకు కమిటీ చేతిలో అధికారమే ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే పాఠశాలల్లో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం తెచ్చి విద్యా కమిటీలు పెట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే కావాలి, సగం మంది మహిళలు ఉండాలి. కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయొచ్చు, నిధుల వాడకం చూడొచ్చు, మధ్యాహ్న భోజనం రుచి చూడొచ్చు. టీచరును నియమించలేదు, ప్రధానోపాధ్యాయుడిని మార్చలేదు, పన్ను వేయలేదు. డీఈఓను తొలగించడం ఊహకే అందదు. బదిలీలు, నియామకాలు, పాఠ్యపుస్తకాలు అన్నీ రాజధానిలోనే తేలిపోతాయి. పేరుకు యాజమాన్యం, తీరుకు ప్రేక్షక పాత్ర.

అధికారాన్ని కిందికి ఇవ్వాలని ఇక్కడ వాదించేవారికి షికాగో రెండు పాఠాలు చెబుతుంది. ఒకటి, ఎన్నికైన బోర్డు ఉంటే రగడ తప్పదు. అయితే ఆ రగడలోనే, 1995 నుంచి మూసిన తలుపుల వెనక జరిగిపోయిన లెక్కలు బహిరంగ సభలోకి వచ్చాయి. 17.5 కోట్ల డాలర్లు ఎవరివని నగరంలోని ప్రతి తల్లీ తండ్రీ అడిగే రోజు వచ్చింది. రెండు, ఓటు హక్కు ఒక్కటే ఇచ్చి ఖజానా తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంచితే, ఎన్నికైనవారు చేయగలిగేది ఒకరి తర్వాత ఒకరిగా సూపరింటెండెంట్లను మార్చుకుంటూ పోవడమే.

మేయర్ నీడ లేకుండా, మొత్తం ఎన్నికైన బోర్డు షికాగోలో కూర్చోవాల్సింది 2027 జనవరిలో. ఆ 21 మందికి వారసత్వంగా దక్కేవి 900 కోట్ల డాలర్లకు పైబడిన అప్పు, 2013 నాటి అనుమానాలు, ఎవరిదో ఇంకా పూర్తిగా తేలని ఒక పింఛను బిల్లు. పాలకులను ఎన్నుకునే హక్కు కోసం షికాగో తల్లిదండ్రులు పాతికేళ్లకు పైగా పోరాడారు. ఆ బిల్లు మీద ఎవరి పేరు రాయాలో తేల్చే పని ఇప్పుడు వారి ముందున్న పోరాటం.